ఓపీలో ఖాళీ నిమిషం ఖరీదెంత?

ఆసుపత్రి నెలవారీ సమీక్షలో ఒక అంకె కనబడగానే అందరి ముఖాలూ వెలుగుతాయి: "డాక్టర్ల సమయంలో 95 శాతం వాడుకున్నాం." అదే నెలలో ఓపీ బయట జనం గంటల తరబడి బెంచీల మీద కూర్చున్నారన్న ఫిర్యాదులు వేరే ఫైల్లో, వేరే శాఖ దగ్గర ఉంటాయి. మొదటి కాగితం చూసి అకౌంట్స్ వాళ్లు సంతోషిస్తారు. రెండోది చూసి రిసెప్షన్‌లో మనుషులను మార్చుతారు. నిజానికి ఆ రెండు కాగితాల్లో ఉన్నది ఒకటే విషయం. 95 శాతం వాడకమే ఆ నిరీక్షణకు కారణం.

బిజినెస్ స్కూళ్లలో ఆరోగ్య సేవల మీద జరిగిన పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ముడిని విప్పిన భాగం. క్యూల గణితం ఒకవైపు, ఖర్చుల లెక్క ఇంకోవైపు, మనుషుల ప్రవర్తన మధ్యలో. మూడూ కలిపి చూస్తే తప్ప ఓపీ అర్థం కాదు. ఇక్కడ అంకెలతోనే చెబుతాను. మీ క్లినిక్ అంకెలు వాటి స్థానంలో పెట్టుకుని చూడండి.

ముందు కొలవాలి, స్టాప్‌వాచ్ లేకుండా

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చాలా చిన్నది: గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయంతో (గంటల్లో) గుణిస్తే, లోపల సగటున ఉండే మనుషుల సంఖ్య వస్తుంది. ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది వచ్చేస్తుంది. మనుషులు ఏ తీరున వస్తారు, ఎవరిని ముందు పిలుస్తారు అన్నదాంతో దానికి పనిలేదు.

అందుకే ప్రతి పేషెంటు వెనకా గడియారం పట్టుకుని తిరగక్కర్లేదు. ఓపీ తలుపు తెరిచినప్పటి నుంచి చివరి పేషెంటు వెళ్లిపోయేదాకా ప్రతి 15 నిమిషాలకు ఒకసారి తలలు లెక్కపెట్టి రాస్తే చాలు. ఒక డాక్టరు, 20 మంది పేషెంట్లు అనుకుందాం. రాసిన అంకెలన్నీ కూడితే 96 వచ్చింది. 96ను 15తో గుణిస్తే 1,440 నిమిషాలు. 20తో భాగిస్తే ఒక్కొక్కరు 72 నిమిషాలు గడిపారన్నమాట. కన్సల్టేషన్ 10 నిమిషాలైతే మిగతా 62 నిమిషాలూ బయట కూర్చున్నవే.

ఈ లెక్కలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలిసి ఉండాలి. మొదటిది సరిహద్దు. ల్యాబుకు వెళ్లి తిరిగొచ్చే మనిషిని లోపల ఉన్నట్టు లెక్కేస్తారా లేదా అన్నది ఒకసారి తేల్చుకుని చివరిదాకా అదే పాటించాలి. రెండోది మొదలూ తుదీ. ఖాళీ గదితో మొదలై ఖాళీ గదితో ముగిస్తేనే ఒక్క పూట లెక్క కచ్చితంగా కుదురుతుంది. మధ్యలో ఆపేస్తే అప్పటికి లోపల ఉన్నవాళ్ల సమయం సగంలో తెగిపోతుంది. మూడోది, కంప్యూటర్‌లో ఉన్న సమయాలను గుడ్డిగా నమ్మడం. రద్దీగా ఉన్నప్పుడు రిసెప్షన్‌లో పది మంది వివరాలు ఒకేసారి ఎక్కిస్తారు. పది మందీ ఒకే నిమిషంలో వచ్చినట్టు పడుతుంది. రద్దీ రోజునే డేటా అబద్ధం చెబుతుంది, మనకు కావలసింది సరిగ్గా ఆ రోజే. ఇక 10 గంటల అపాయింట్‌మెంటుకు 9కే వచ్చిన మనిషి మొదటి గంట నిరీక్షణను ఓపీ ఖాతాలో వేయకూడదు. వచ్చిన సమయం, అపాయింట్‌మెంట్ సమయం, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి లెక్క మొదలవ్వాలి.

కనీసం రెండు వారాలు, వారంలో ప్రతి రోజూ కవరయ్యేలా కొలవాలి. సగటు ఒక్కటే రాస్తే ప్రయోజనం లేదు. కన్సల్టేషన్ నిడివిలో హెచ్చుతగ్గులు ఎంతున్నాయో కూడా కావాలి, అసలు కథంతా అందులోనే ఉంది.

95 దగ్గర ఏమవుతుంది

అదే 1961లో జాన్ కింగ్‌మన్ ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం ప్రకారం ఒక్క డాక్టరు దగ్గర సగటు నిరీక్షణ మూడింటి లబ్ధం. మొదటిది, వాడకాన్ని ఖాళీతో భాగించగా వచ్చినది. రెండోది, హెచ్చుతగ్గుల గుణకం. మూడోది, సగటు కన్సల్టేషన్ సమయం. హెచ్చుతగ్గుల గుణకం ఇలా కట్టాలి: ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటుకు మామూలుగా ఎంత అటూఇటూగా ఉంటాయో చెప్పే కొలత) సగటుతో భాగించి వర్గం చేయాలి. రాకల మధ్య వ్యవధికి ఒకటి, కన్సల్టేషన్ నిడివికి ఒకటి ఇలా తీసి, రెండింటికీ సగటు కట్టాలి.

కన్సల్టేషన్ సగటు 10 నిమిషాలు, హెచ్చుతగ్గుల గుణకం 1 అనుకుందాం. డాక్టరు 80 శాతం తీరిక లేకుండా ఉంటే 80ని 20తో భాగిస్తే 4, అంటే 40 నిమిషాల నిరీక్షణ. 90 శాతం దగ్గర 9 రెట్లు, 90 నిమిషాలు. 95 శాతం దగ్గర 19 రెట్లు, 190 నిమిషాలు. 80 నుంచి 90కి వెళ్లినప్పుడు 50 నిమిషాలు పెరిగిన నిరీక్షణ, ఆ తర్వాతి 5 శాతానికే 100 నిమిషాలు పెరిగింది.

ఇది దీర్ఘకాల సగటు. నాలుగు గంటల పూట ఖాళీతో మొదలవుతుంది కాబట్టి 190 నిమిషాల దాకా పోగుపడే వ్యవధి దానికి ఉండదు, అసలు అంకె అంతకంటే తక్కువే వస్తుంది. దిశ మాత్రం ఇదే.

ఎందుకిలా అవుతుంది? పేషెంటు రానప్పుడు పోయిన ఖాళీ నిమిషాలను దాచుకుని రద్దీ వేళ వాడుకోలేం కాబట్టి. తొమ్మిదింటికి ఖాళీగా పోయిన పది నిమిషాలు పదకొండింటికి పనికిరావు. ఆలస్యం మాత్రం ఒకరి నుంచి ఒకరికి బదిలీ అవుతూ పోతుంది. డాక్టరు 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చారనుకోండి. 90 శాతం వాడకంతో బుక్ చేసిన ఓపీలో గంటకు 6 నిమిషాలే ఖాళీ. ఆ 20 నిమిషాలు పూడాలంటే 3 గంటల 20 నిమిషాలు పడుతుంది, అంటే దాదాపు పూట మొత్తం. 80 శాతంతో బుక్ చేస్తే గంటా 40 నిమిషాల్లో సర్దుకుంటుంది. వార్డు రౌండ్స్ ఎప్పుడు ముగుస్తాయో చూడకుండా ఓపీ వేళ పెట్టిన చోటల్లా జరిగేది ఇదే. అక్కడ రిసెప్షన్‌లో ఎంతమందిని మార్చినా క్యూ కదలదు.

ఆ ఖాళీకి లెక్క కట్టడం

ఇక్కడ అకౌంట్స్ వాళ్ల ప్రశ్న న్యాయమైనదే: "సరే, 80 శాతానికే బుక్ చేద్దాం. మిగతా 20 శాతం జీతం ఎవరు కడతారు?" దీనికి జవాబు ఇవ్వగల పద్ధతి ఒకటుంది. రాబర్ట్ కాప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో ప్రతిపాదించిన సమయాధారిత ఖర్చుల లెక్క అది. 2011లో కాప్లాన్, మైకేల్ పోర్టర్ కలిసి దాన్ని ఆసుపత్రులకు అన్వయించి చూపించారు. దీనికి కావలసినవి రెండే: ఆ వనరుకు నిమిషానికి ఎంత ఖర్చు, ఆ పనికి ఎన్ని నిమిషాలు పడుతుంది.

డాక్టరు జీతం, గది, తోడుండే నర్సు అన్నీ కలిపి నెలకు 2,88,000 ఖర్చు అనుకుందాం. కరెన్సీ ఏదైనా సరే. 25 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 12,000 నిమిషాలు. 12,000తో భాగిస్తే నిమిషానికి 24. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది తప్పు. విరామాలు, మీటింగులు, శిక్షణ తీసేస్తే నిజంగా పేషెంట్లకు దొరికేది అందులో దాదాపు 80 శాతం, 9,600 నిమిషాలు. కాబట్టి నిమిషం ఖరీదు 30. పది నిమిషాల కన్సల్టేషన్ ఖరీదు 300.

ఆ నెలలో 780 మందిని చూశారు. వాడిన నిమిషాలు 7,800, వాటి ఖర్చు 2,34,000. మిగిలిన 1,800 నిమిషాల ఖర్చు 54,000. ఈ 54,000ను 780 మందికి పంచి "ఒక్కో కన్సల్టేషన్ 369" అని రాయకూడదు. వాడని సామర్థ్యం అని విడిగా ఒక వరుసలో చూపించాలి. పంచేస్తే ఏమవుతుందంటే, పేషెంట్లు తగ్గిన నెలలో కన్సల్టేషన్ ఖర్చు పెరిగినట్టు కనబడుతుంది. ధర పెంచుతారు, ఇంకా తగ్గుతారు. పనిలో ఏ మార్పూ లేకుండానే ఖర్చు పెరిగినట్టు చూపించే లెక్క నిర్ణయాలకు పనికిరాదు.

ఇప్పుడు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి. 9,600లో 7,800 వాడారు, సుమారు 81 శాతం. పై సూత్రం ప్రకారం నిరీక్షణ 43 నిమిషాలు. అదే డాక్టరుతో 912 మందిని చూస్తే 95 శాతం. ఒక్కో పేషెంటు మీద పడే మొత్తం ఖర్చు 369 నుంచి 316కు దిగుతుంది. నిరీక్షణ 190కి ఎక్కుతుంది. అంటే మనిషికి 53 ఎక్కువ ఖర్చు పెడితే 147 నిమిషాల నిరీక్షణ తప్పుతుంది. ఈ బేరం మీకు సమ్మతమా కాదా అన్నది ఆసుపత్రి తేల్చుకోవాలి, కానీ ముందు బేరమంటూ ఒకటుందని కాగితం మీద కనబడాలి. చాలా చోట్ల 53 మిగిలినట్టు చూపిస్తారు, 147 నిమిషాలు ఏ పద్దులోనూ ఉండవు. ఆ నిమిషాలు పేషెంటువి, తోడొచ్చిన మనిషివి. వాళ్ల కూలి, వాళ్ల ఓపిక ఆసుపత్రి పుస్తకాల్లోకి రావు కాబట్టి అవి ఉచితం అయిపోతాయి. ఈ పరిశోధన మీద నాకున్న ఇష్టమంతా ఆ నిమిషాలను కాగితం మీదికి తెచ్చినందుకే.

ఖాళీ కొనే ముందు హెచ్చుతగ్గులు తగ్గించండి

అదే సూత్రంలో ఇంకో తలుపుంది. రాకల్లోనూ, కన్సల్టేషన్‌లోనూ విచలనం సగటులో సగానికి దిగితే గుణకం 1 నుంచి 0.25కు పడిపోతుంది. అప్పుడు 95 శాతం వాడకంలో కూడా నిరీక్షణ 47.5 నిమిషాలే. 81 శాతంతో డబ్బు పెట్టి కొన్న ఫలితానికి ఇది దాదాపు సమానం. అందుకే నా వరస ఇది: ముందు హెచ్చుతగ్గులు, తర్వాత ఖాళీ, ఆఖరున కొత్త డాక్టరు. మామూలుగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

హెచ్చుతగ్గుల్లో పెద్ద భాగం మనం చేజేతులా తెచ్చుకున్నదే. కొత్త కేసుకు 18 నిమిషాలు, ఫాలోఅప్‌కు 6 నిమిషాలు, ఒక కొత్త కేసుకు రెండు ఫాలోఅప్‌లు అనుకోండి. సగటు 10 నిమిషాలు. అందరికీ 10 నిమిషాల స్లాట్ ఇచ్చి కలిపేస్తే ఆ కలయిక వల్లే విచలనం 5.7 నిమిషాలు వస్తుంది. ఇది వ్యాధి తెచ్చిన అనిశ్చితి కాదు. ఫోన్‌లో "మొదటిసారా, ఫాలోఅపా" అని అడిగితే తెలిసిపోయేది. వాళ్లకు వేర్వేరు నిడివి స్లాట్లు ఇస్తే చాలు. నిడివి ముందే ఊహించగల ఫాలోఅప్‌లను పూట మొదట్లో, నిడివి తెలియని కేసులను చివర్లో పెడితే ఆలస్యం తక్కువమందికి అంటుతుంది. అయితే దూరం నుంచి వచ్చే కొత్త పేషెంట్లకు ఎప్పుడూ చివరి వేళలే దక్కుతాయి. అది సరే అనుకుంటేనే చేయండి.

ఇంకో భాగం కనబడనే కనబడదు. ల్యాబు రిపోర్టు రాలేదు, కేస్ షీట్ దొరకలేదు, బీపీ మిషన్ పక్క గదిలో ఉంది. అనితా టకర్, ఏమీ ఎడ్మండ్సన్ 9 ఆసుపత్రుల్లో 26 మంది నర్సుల వెంట ఉండి గమనించి 2003లో ప్రచురించిన పరిశోధన చెప్పేది ఇదే: ఇలాంటి అడ్డంకి వచ్చినప్పుడు నర్సు దాన్ని అప్పటికప్పుడు ఎలాగో సర్ది పని ముందుకు నెడుతుంది, పై వాళ్లకు చెప్పదు. ఆ పూట గడుస్తుంది, మర్నాడు అదే అడ్డంకి మళ్లీ వస్తుంది. చురుకైన సిబ్బంది ఉన్న చోటే లోపం ఎక్కువ కాలం దాగి ఉంటుంది. ఎడ్మండ్సన్ 1996లో చూపించినది దీనికి తోడు. మందుల పొరపాట్లు ఎక్కువ నమోదైన బృందాలు చెడ్డవి కావు. పొరపాటు చెప్పుకోవడానికి భయం లేని చోట అవి ఎక్కువగా బయటికి వస్తాయి. కాబట్టి "అడ్డంకుల పుస్తకం" పెట్టిన మొదటి నెలలో పద్దులు పెరిగితే కంగారు పడొద్దు. ఖాళీగా ఉంటేనే అనుమానించాలి. పుస్తకంలో మూడు గడులు చాలు: ఏది దొరకలేదు, ఎన్ని నిమిషాలు పోయాయి, ఇది ఎన్నోసారి. రాసినవాళ్ల పేరు అడగొద్దు.

అపాయింట్‌మెంట్ పట్టీ

1952లో నార్మన్ బెయిలీ చేసిన లెక్క ఇప్పటికీ మంచి మొదటి అడుగు: పూట మొదట్లో ఇద్దరిని పిలవాలి, ఆ తర్వాత సగటు కన్సల్టేషన్ వ్యవధికి ఒకరి చొప్పున. ఆ రెండో మనిషి ఒక రక్షణ. మొదటివారు ఆలస్యమైతే డాక్టరు ఖాళీగా కూర్చోరు. ముగ్గురు నలుగురిని పిలవడం మొదలుపెడితే ఆ రక్షణ కాస్తా రోజంతా మోయాల్సిన క్యూ అయిపోతుంది. అందరినీ తొమ్మిదింటికే రమ్మని టోకెన్లు ఇవ్వడం దీనికి పూర్తి వికృతి. డాక్టరు నిమిషం ఒక్కటీ పోదు, మిగతా అందరి పూటా పోతుంది.

రానివాళ్ల కోసం ఎక్కువ బుక్ చేయడం ఇంకో అలవాటు. 20 శాతం మంది రారని 25 మందిని బుక్ చేస్తే సగటున 20 మందే వస్తారు, నిజమే. కానీ ఆ సంఖ్య విచలనం 2. కాబట్టి మామూలుగా 16 నుంచి 24 దాకా ఎంతమందైనా రావచ్చు. 24 మంది వచ్చిన రోజు పూట 40 నిమిషాలు పొడుగవుతుంది. ఆ అదనపు పేర్లను పూటంతా సమంగా చల్లడం కంటే కొన్ని వేళల్లోనే ఇద్దరిద్దరిగా పెట్టి, తర్వాత ఒక స్లాట్ ఖాళీ ఉంచితే నష్టం అక్కడితో ఆగుతుంది.

అసలు మందు మాత్రం వేరే ఉంది. అపాయింట్‌మెంట్ ఎంత దూరంగా ఉంటే రానివాళ్లు అంత పెరుగుతారు. ఏ రోజు అడిగితే ఆ రోజే చూడడం అన్న పద్ధతిని 1990లలో మార్క్ మరే, కేథరిన్ టంటావ్ ఉత్తర కాలిఫోర్నియాలో నడిపి చూపించారు. "మాకు మూడు వారాల వెయిటింగ్ లిస్టు ఉంది, అదెలా కుదురుతుంది?" అని అడుగుతారు. ఆ లిస్టు ఏడాదిగా మూడు వారాల దగ్గరే నిలబడి ఉంటే వచ్చేవాళ్లకూ చూసే సామర్థ్యానికీ లంకె కుదిరినట్టే. కుదరకపోతే అది పెరుగుతూ పోయేది. అంటే ఆ మూడు వారాలు ఎప్పటిదో పాత బాకీ. వారానికి 6 పూటల ఓపీ అయితే బాకీ 18 పూటలు. వారానికి 2 పూటలు అదనంగా పెడితే 9 వారాల్లో తీరిపోతుంది. అయితే ఆ 9 వారాల్లో "త్వరగా దొరుకుతోంది" అని ఫాలోఅప్‌లను ముందుకు జరిపితే బాకీ తీరదు. ఈ ప్రయత్నం చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఒకే క్యూనా, విడి క్యూలా

ఇద్దరు డాక్టర్లుంటే క్యూ కలిపేయమని గణితం చెబుతుంది. 90 శాతం వాడకం, హెచ్చుతగ్గుల గుణకం 1తో విడివిడిగా 90 నిమిషాలైతే కలిపితే 43. పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగుతుంది. కానీ హమ్మీ సాంగ్, అనితా టకర్, కరెన్ మరెల్ 2015లో ప్రచురించిన పరిశోధనలో ఒక ఎమర్జెన్సీ విభాగంలో ఉల్టా జరిగింది. పేషెంటు రాగానే ఏ డాక్టరుకో కేటాయించే పద్ధతి పెట్టాక సగటు నిరీక్షణ 9 శాతం, మొత్తం గడిపే సమయం 17 శాతం తగ్గాయి. ఉమ్మడి క్యూలో బయట కూర్చున్నవాళ్లు అందరి బాధ్యత. కాబట్టి ఎవరూ ల్యాబుకు ఫోన్ చేసి రిపోర్టు తొందరపెట్టరు. తన పేరు మీద ఉన్నవాళ్లయితే చేస్తారు. గణితం కన్సల్టేషన్ సమయం మారదనుకుంటుంది, కానీ మనిషి చొరవను బట్టి అది మారుతుంది.

అలాగని ప్రతి క్యూనూ విడదీయకండి. రక్తం తీసే చోట, మందుల కౌంటర్‌లో పని ఒకే తీరుగా ఉంటుంది, వెంటపడి తొందరపెట్టాల్సిందేమీ ఉండదు. అక్కడ ఉమ్మడి క్యూనే మేలు. పని వేగం ఆ మనిషి చొరవ మీద ఆధారపడే చోట విడదీయడం ఫలిస్తుంది.

మనుషుల వేగం గురించే ఇంకొకటి. దివాస్ కేసీ, క్రిస్టియన్ టెర్వీష్ 2009లో చూపించినట్టు, రద్దీ పెరిగితే సిబ్బంది వేగం పెంచుతారు. కానీ ఆ ఒత్తిడి చాలాసేపు సాగితే వేగం నిలవదు, రోగి భద్రత దెబ్బతింటుంది. కాబట్టి రద్దీ వారంలో కొలిచిన 8 నిమిషాల కన్సల్టేషన్‌ను ప్రమాణంగా తీసుకుని ఏడాది స్లాట్లు కట్టకూడదు. మామూలు వారం అంకె తీసుకోండి.

పట్టీ మార్చాక అదే తలల లెక్క, వారంలో అవే రోజుల్లో, మళ్లీ రెండు వారాలు తీయాలి. అయితే తలల లెక్క సగటునే ఇస్తుంది. అందుకే ఇరవై ముప్ఫై మందికి వచ్చిన వేళ, పిలిచిన వేళ చీటీ మీద విడిగా రాయించి, పదిమందిలో ఎక్కువసేపు కూర్చున్న ఒక్కరి నిరీక్షణ ఎంతో చూడండి. సగటు దిగి అది దిగకపోతే మారింది ఉదయం వేళే. మధ్యాహ్నానికి పోగుపడుతున్న ఆలస్యం ఏ గంట దగ్గర మొదలవుతోందో 15 నిమిషాల అంకెల్లోనే కనబడుతుంది. ఆ గంటకు ముందు స్లాట్ ఒకటి ఖాళీ పెట్టి మళ్లీ కొలవండి.